లూప్ మధ్యలోంచి బయటికి

తిరుగుతున్న లూప్‌ను మధ్యలో తెంచుకుని బయటికి రావచ్చా, రాకూడదా? మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పాఠంలో అరపేజీ కూడా పట్టని ఈ ప్రశ్న మీద కంప్యూటర్ శాస్త్రంలో మహామహులు యాభై ఏళ్లకు పైగా వాదించుకున్నారు. ఆ వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. పల్నాడులోని నకరికల్లు నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నరసరావుపేట కాలేజీలకు రోజూ బస్సెక్కే పిల్లలకు ఇది సి భాష రూపంలోనో పైథాన్ రూపంలోనో మొదటి సంవత్సరమే ఎదురవుతుంది. వాళ్లకు దొరికే జవాబు వైవాకు సరిపడేంత మాత్రమే: బ్రేక్ పెడితే కంట్రోల్ లూప్‌లోంచి బయటికొస్తుంది, కంటిన్యూ పెడితే తర్వాతి చుట్టుకి పోతుంది. ఎక్స్‌టర్నల్ అడుగుతారు, పిల్లలు అప్పజెబుతారు, మార్కులు పడతాయి.

ఆ జవాబులో తప్పు లేదు గానీ అది చాలదు. లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టడం మన తరగతుల్లో బాగానే నేర్పుతున్నాం. అది ఎందుకు ఆగుతుందో, ఏ చోట ఆగాలో, ఆగకపోతే ఏ వాక్యాన్ని అనుమానించాలో నేర్పడం దగ్గర చేతులెత్తేస్తున్నాం. ఈ సమీక్ష అంతా ఆ లోటు చుట్టూనే. పాత వాదన ఎక్కడ మొదలైంది, గణితం ఏం తేల్చింది, విద్యార్థుల మీద జరిగిన పరిశీలన ఏం చెప్పింది, భాషలు తయారుచేసినవాళ్లు ఏ దారి పట్టారు అన్నవి చూశాక, మన ల్యాబుల్లో ఏం మారాలన్నది నా అభిప్రాయంగా చెబుతాను.

మొదట్లో లూప్ అన్న కట్టడమే సరిగ్గా ఉండేది కాదు. ఫ్లోచార్టులో బాణం ఎటు గీస్తే కంట్రోల్ అటు పోయేది, ప్రోగ్రామ్‌లో ఆ బాణం పేరు గోటూ. వెనక్కి గోటూ పెడితే అదే లూప్, ముందుకు పెడితే అదే బయటిదారి. 1966లో ఇటలీకి చెందిన కొరాడో బోమ్, జుసెప్పె జాకోపిని అనే ఇద్దరు ఒక గట్టి ఫలితాన్ని ప్రచురించారు. ఎంత చిక్కుముడి ఫ్లోచార్టయినా సరే వరుస, షరతు, పునరావృతం అనే మూడు కట్టడాలతోనే తిరిగి రాయవచ్చని అందులో నిరూపించారు. రెండేళ్లకు, 1968 మార్చిలో, డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఉత్తరం ఒకటి అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ వారి పత్రికలో అచ్చయింది. గోటూ హానికరం అనే అర్థం వచ్చే దాని శీర్షిక ఆయన పెట్టింది కాదు, సంపాదకుడిగా ఉన్న నిక్లాస్ విర్త్ పెట్టింది. శీర్షికే జనం నోట్లో నానింది, లోపలి వాదన వెనకబడింది. ఆ వాదన ఇది: కాగితం మీద నిలకడగా ఉన్నదాన్ని మనిషి బుర్ర బాగా పట్టుకోగలదు, కాలంలో కదిలిపోయేదాన్ని పట్టుకోవడం దానికి కష్టం. అందుకని కాగితం మీది వాక్యాల వరుసకూ, నడుస్తున్నప్పుడు జరిగే పనుల వరుసకూ మధ్య దూరం వీలైనంత తగ్గించాలి. కొత్తగా నేర్చుకునే పిల్లవాడి కష్టాన్ని ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు తెలియదు. ల్యాబ్‌లో “కంట్రోల్ ఇప్పుడెక్కడుంది?” అని మాస్టారు అడిగినప్పుడు పిల్లవాడు తడబడేది సరిగ్గా ఆ దూరంలోనే.

ఆ ఉత్తరాన్ని పాఠంగా మార్చినవాళ్లు మాత్రం ఒక అడుగు ఎక్కువ వేశారు. గోటూ కూడదు కాబట్టి, లూప్‌కు ఒకే వాకిలి ఉండాలని, పైన షరతు దగ్గర తప్ప ఇంకెక్కడా బయటికి రాకూడదని సూత్రం తయారైంది. విర్త్ 1970లో తెచ్చిన పాస్కల్ భాషలో బ్రేక్ లేదు. పాస్కల్‌తో చదువుకున్న తరానికి మధ్యలోంచి బయటికి రావడం తప్పు అన్న భావం అలవాటయింది. అదే కాలంలో, 1970ల మొదట్లో, డెనిస్ రిచీ చేతిలో రూపుదిద్దుకున్న సి భాష బ్రేక్, కంటిన్యూ రెండింటినీ పెట్టుకుంది, గోటూను కూడా ఉంచుకుంది. మన ఇంజనీరింగ్ చదువు సి మీదే నిలబడింది కాబట్టి నిషేధమూ, వాడకమూ రెండూ ఒకే తరగతి గదిలో కలిశాయి. బ్రేక్ చూపించిన మాస్టారే “మంచి ప్రోగ్రామ్‌లో ఇది ఎక్కువ వాడకూడదు” అని ఒక మాట జోడిస్తారు. ఎందుకని ఎవరూ అడగరు.

వాదనలో అసలైన మలుపు 1973లో వచ్చింది, తెచ్చినది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి. కొసరాజు సాంబశివరావు అక్కడ ఇంజనీరింగ్ చదివి, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్ చేసి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పుచ్చుకుని, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. అల్గారిథమ్స్ పేపర్ చదివిన ప్రతి బీటెక్ విద్యార్థికీ గ్రాఫ్‌ల పాఠంలో ఆయన పేరు తగిలే ఉంటుంది, 1978 నాటి ఆ పద్ధతిని కొసరాజు అల్గారిథమ్ అనే పిలుస్తారు. దానికంటే ముందు ఆయన చేసిన పని నేరుగా మన ప్రశ్న గురించే. బోమ్, జాకోపిని ఫలితంలో ఒక కిటుకు ఉంది: మూడు కట్టడాలతో సరిపెట్టాలంటే కొన్నిచోట్ల అసలు ప్రోగ్రామ్‌లో లేని కొత్త వేరియబుల్ ఒకటి చేర్చుకోవాలి. మనం ఫ్లాగ్ అనేది దాన్నే. ఆ అదనపు వేరియబుల్ లేకుండా కుదరదా అన్నది కొసరాజు వేసుకున్న ప్రశ్న. ఒకదానిలో ఒకటి ఉన్న లూపుల్లో ఎంత లోతునుంచయినా ఒకేసారి బయటపడగలిగే బ్రేక్ ఉంటే కొత్త వేరియబుల్ అక్కర్లేదని ఆయన నిరూపించారు. అంతటితో ఆగలేదు. ఎన్ని పొరల బ్రేక్ తీసుకున్నా, అంతకంటే తక్కువ పొరల బ్రేక్‌తో, కొత్త వేరియబుల్ పెట్టకుండా, తిరిగి రాయలేని ప్రోగ్రామ్ ఒకటి ఉంటుందని కూడా చూపించారు. ఆ మెట్ల వరుసను ఇప్పుడు కొసరాజు శ్రేణి అంటున్నారు.

ఈ ఫలితాన్ని మొదటి ఏడాది పిల్లవాడికి నిరూపణతో సహా చెప్పలేం. దాని సారం మాత్రం వాడికి బాగా పనికొస్తుంది. వరుసలు, నిలువు గళ్లు ఉన్న పట్టికలో ఒక సంఖ్య కోసం వెతుకుతున్నాం అనుకోండి. బయటి లూప్ వరుసల మీద, లోపలి లూప్ గళ్ల మీద తిరుగుతుంది. సంఖ్య దొరకగానే బ్రేక్ పెడితే లోపలి లూప్ ఒక్కటే ఆగుతుంది, బయటిది తన మానాన తర్వాతి వరుసకు పోతుంది. ఇది చూసి పిల్లవాడు కంగారుపడతాడు, తర్వాత ఒక ఫ్లాగ్ తెచ్చి బయటి లూప్ షరతులో ఇరికిస్తాడు, ఆ ఫ్లాగ్ ఎక్కడ సున్నా చేయాలో ఎక్కడ ఒకటి చేయాలో దగ్గర మళ్లీ తప్పు చేస్తాడు. అప్పుడు వాడికి చెప్పాల్సింది ఇది: నీ ప్రోగ్రామ్ వంకర కాలేదు. రెండు పొరల్లోంచి ఒకేసారి రావాల్సిన చోట ఒక్క పొర బ్రేక్ చాలదు, చాలనప్పుడు అదనపు వేరియబుల్ ఖరీదు కట్టాల్సిందే, దీన్ని గణితంగా తేల్చినవాడు మన ప్రాంతపు విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. జావాలో లూప్‌కు పేరు పెట్టి ఆ పేరుతో బ్రేక్ చేయవచ్చు. పైథాన్‌లో అలాంటి సౌకర్యం కావాలని వచ్చిన ప్రతిపాదనను 2007లో ఆ భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తోసిపుచ్చారు, అంత చిక్కుగా ఉన్న చోట కోడ్‌ను విడి ఫంక్షన్‌గా మార్చి రిటర్న్‌తో బయటికి రావడం మేలన్నది ఆయన వైఖరి. నేను ఈ విషయంలో పైథాన్ వైపే. రిటర్న్ ఎన్ని పొరలున్నా ఒక్క దెబ్బకు తెస్తుంది, పైగా వెతికే పనికి ఒక పేరు కూడా వస్తుంది.

ఒంటి లూప్ సంగతికి వద్దాం. అక్కడ నిషేధం నేర్చుకునేవాడికి మేలు చేసిందా, కీడు చేసిందా? పల్నాడులో పత్తి, మిర్చి బస్తాల కాటా చూడని పిల్లలు అరుదు కాబట్టి ఆ లెక్కే తీసుకుందాం. బస్తాల బరువులు ఒక్కొక్కటే కొడుతూ పోవాలి, అయిపోయాక సున్నా కొట్టాలి, ప్రోగ్రామ్ మొత్తం బరువునూ సగటునూ చూపాలి. బస్తాలు ఎన్నో ముందు తెలియదు. షరతు పైనే ఉండాలన్న సూత్రం ప్రకారం రాస్తే ఇలా వస్తుంది.

బరువు తీసుకో
బరువు సున్నా కానంతవరకు తిరుగు:
    మొత్తానికి బరువు కలుపు
    బస్తాల లెక్క ఒకటి పెంచు
    బరువు తీసుకో

మధ్యలోంచి రావచ్చంటే ఇలా ఉంటుంది.

ఎప్పటికీ తిరుగు:
    బరువు తీసుకో
    బరువు సున్నా అయితే బ్రేక్
    మొత్తానికి బరువు కలుపు
    బస్తాల లెక్క ఒకటి పెంచు

రెండూ ఒకే జవాబు ఇస్తాయి. మొదటిదాంట్లో బరువు తీసుకునే వాక్యం రెండుసార్లు రాయాల్సి వచ్చింది. పైగా లూప్ లోపల ముందు కలపడం, తర్వాత తీసుకోవడం జరుగుతోంది. కాటా దగ్గర ఏ మనిషీ అలా చేయడు, ముందు బస్తా ఎక్కిస్తాడు, తర్వాత రాసుకుంటాడు. పిల్లలు మర్చిపోయేది చివరి వాక్యాన్నే. అది లేకపోతే మొదటి బస్తా బరువునే ప్రోగ్రామ్ ఆగకుండా కలుపుకుంటూ పోతుంది, తెర మీద ఏమీ రాదు, “సార్, హ్యాంగ్ అయింది” అన్న కేక వినిపిస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 1983లో ఎలియట్ సోలోవే, జెఫ్రీ బోనార్, కేట్ ఎర్లిక్ అనే ముగ్గురు అమెరికాలో విద్యార్థుల మీద ఇలాంటి లెక్కతోనే పరిశీలన చేశారు. సంఖ్యలు తీసుకుంటూ పోవాలి, 99999 వచ్చినప్పుడు ఆగాలి, దాన్ని కలపకుండా సగటు చెప్పాలి. కొందరికి మామూలు పాస్కల్ ఇచ్చారు, మరికొందరికి మధ్యలోంచి బయటికొచ్చే కట్టడం చేర్చిన పాస్కల్ ఇచ్చారు. కొత్తవాళ్లలోనూ, కొంత నేర్చినవాళ్లలోనూ, బాగా నేర్చినవాళ్లలోనూ మధ్య వాకిలి ఉన్నవాళ్లే ఎక్కువ మంది సరిగా రాశారు. తీసుకుని తర్వాత పనిచేయడం మనుషులకు సహజమైన వరుస, ఆ వరుసకు సరిపడే కట్టడం భాషలో ఉంటే తప్పులు తగ్గుతాయని వాళ్లు తేల్చారు. అంతకు ముందే, 1974లో, కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ గోటూ గురించి రాసిన సుదీర్ఘ వ్యాసంలో ఇలాంటి లూపులను విడిగా గుర్తించారు: చివరి చుట్టు సగంలోనే ఆగుతుంది కాబట్టి అవి ఎన్నిసార్లో పూర్తిగా, ఆపైన మరో అరసారి తిరుగుతాయన్నమాట. 1995లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఎరిక్ రాబర్ట్స్ ఈ ఆధారాలన్నీ పోగుచేసి, ప్రారంభ తరగతుల్లో మధ్య వాకిలి మీద నిషేధం ఎత్తేయాలని వాదించారు. విర్త్ కూడా తర్వాత తెచ్చిన మాడ్యులా-2 భాషలో లూప్ మధ్యలోంచి బయటికి రావడానికి విడిగా ఒక కట్టడం పెట్టారు. పాస్కల్ సృష్టికర్తే ఆ వాకిలి తెరిచిన తర్వాత నిషేధానికి పెద్దగా బలం మిగలలేదు.

బ్రేక్‌కు ఉన్నంత మద్దతు కంటిన్యూకు నేను ఇవ్వలేను. అదే కాటా ప్రోగ్రామ్‌లో ఎవరైనా పొరపాటున మైనస్ బరువు కొడితే దాన్ని వదిలేయాలి అనుకుందాం. రెండో రూపంలో బ్రేక్ వాక్యం కింద “బరువు సున్నా కంటే తక్కువైతే కంటిన్యూ” అని చేరిస్తే చక్కగా పనిచేస్తుంది. కంట్రోల్ పైకి పోతుంది, పైన కొత్త బరువు తీసుకోవడం ఉంది. అదే వాక్యాన్ని మొదటి రూపంలో లూప్ ఆరంభంలో చేర్చి చూడండి. కంటిన్యూ తగలగానే కంట్రోల్ షరతు దగ్గరికి పోతుంది, కింద ఉన్న “బరువు తీసుకో” దాకా రాదు. బరువు ఇంకా ఆ మైనస్ సంఖ్యే. షరతు నిజం, మళ్లీ కంటిన్యూ, మళ్లీ షరతు. లూప్ ఇక ఆగదు. అంటే కంటిన్యూ క్షేమమా కాదా అన్నది లూప్‌ను ముందుకు నడిపే వాక్యం దానికి పైన ఉందా, కింద ఉందా అన్నదాని మీద ఆధారపడింది.

సి లోని ఫర్ లూప్‌లో ఈ ప్రమాదం కనిపించదు, ఎందుకంటే పెంచే వాక్యం తలకట్టులోనే ఉంటుంది, కంటిన్యూ తర్వాత కూడా అది నడుస్తుంది. ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి అయిదును వదిలేయమనే లెక్కను ఫర్‌తో నేర్చుకున్న పిల్లవాడు, అదే అలవాటుతో షరతు మీద తిరిగే వైల్ లూప్ రాసి, పెంచే వాక్యాన్ని కంటిన్యూ కింద పెట్టి, నాలుగు దాకా వేసి అక్కడే ఇరుక్కుంటాడు. మన ల్యాబ్ రికార్డుల్లో కంటిన్యూ ఉదాహరణలు దాదాపుగా ఫర్ లూప్‌తోనే ఉంటాయి, అందువల్ల ఈ గొయ్యి పరీక్ష దాకా ఎవరి కంటా పడదు. ఫోర్ట్రాన్ కాలంలో కంటిన్యూ అసలు ఏ పనీ చేయని వాక్యం, లూప్ చివర గుర్తుగా ఉంచేవారు. ఈ తరం భాషల్లో దానికి కాళ్లొచ్చాయి, కాబట్టి అది ఎటు దూకుతుందో చూసి పెట్టుకోవాలి.

బ్రేక్‌కూ ఒక సొంత గొయ్యి ఉంది, అది సి భాషలో స్విచ్ అనే వాక్యం దగ్గర. అక్కడ బ్రేక్ లూప్‌ను ఆపదు, స్విచ్‌లోంచి బయటికి తెస్తుంది. ఇఫ్‌ను మాత్రం బ్రేక్ ఎన్నడూ లెక్కచేయదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ దూరప్రాంత ఫోన్ వ్యవస్థ సుమారు తొమ్మిది గంటలు అతలాకుతలమైంది. ఫోన్ కాల్స్‌ను కలిపే ఒక స్విచ్చింగ్ కేంద్రం కోలుకుని సందేశం పంపితే పక్క కేంద్రం పడిపోవడం, అది కోలుకుంటే మరొకటి పడిపోవడం, ఇలా 114 కేంద్రాల్లో పాకింది. కొత్తగా వేసిన సి ప్రోగ్రామ్‌లో, స్విచ్ లోపలి ఇఫ్‌లో పెట్టిన ఒక బ్రేక్ దానికి మూలమని తేలింది. రాసినవారు కంట్రోల్ ఒకచోటికి పోతుందనుకున్నారు, అది ఇంకోచోటికి పోయింది. ల్యాబ్‌లో పిల్లవాడు చేసే తప్పే అది, స్థాయి ఒక్కటే వేరు.

ఇక ఆగకపోవడం. నకరికల్లు మండలం చేజర్లలో కపోతేశ్వరాలయం ఉంది, ఆ గుడి స్థలపురాణం శిబి చక్రవర్తి కథ. పావురం బరువుకు సరితూగే మాంసం తన ఒంట్లోంచి కోసి ఇస్తానన్నాడు శిబి. కోసి వేస్తున్నా తక్కెడ సమం కాలేదు, ఎంత వేసినా పావురం వైపే మొగ్గింది, చివరికి తనే తక్కెడలో కూర్చున్నాడు. ఆ ప్రాంతపు పిల్లలందరికీ తెలిసిన ఈ కథలో ఆగని లూప్ లక్షణం మొత్తం ఉంది. షరతు ఉంది, ప్రతి చుట్టులో పని కూడా జరుగుతోంది, అయినా ఆ పని షరతును ముగింపుకు దగ్గర చేయడం లేదు. లూప్ ఆగుతుందా అని అడిగేటప్పుడు లోపల పని జరుగుతోందా అని చూస్తే చాలదు, ఆ పని వల్ల ఏ విలువ, ఎటువైపు, ఎంత కదులుతోందో చూడాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫ్లాయిడ్ 1967లో దీన్ని శాస్త్రంగా పెట్టారు: ప్రతి చుట్టులో తప్పనిసరిగా తగ్గే, అంతులేకుండా తగ్గలేని ఒక పరిమాణం చూపించగలిగితే లూప్ ఆగుతుందని నమ్మవచ్చు. ఎలాంటి ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో తేల్చి చెప్పే పద్ధతి ఉండనే ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లోనే నిరూపించిన మాట నిజమే. మొదటి ఏడాది లూపులకు మాత్రం ఆ తగ్గే పరిమాణాన్ని వేలు పెట్టి చూపించవచ్చు. చూపించలేని చోట అనుమానం మొదలవ్వాలి.

ఆ అనుమానం రాకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ ‘జూన్’ (Zune) మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. గడియారం విభాగంలో రోజుల సంఖ్యను సంవత్సరంగా మార్చే లూప్ ఒకటి ఉంది. దాని మాట ఇలా ఉంటుంది: రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతవరకు తిరుగు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటే 366 తీసేసి సంవత్సరం ఒకటి పెంచు. లీపు కాకపోతే 365 తీసేసి సంవత్సరం పెంచు. చదవడానికి ఏ వంకా కనపడదు. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 ఆ ఏడాది 366వ రోజు. డ్రై రన్ చేద్దాం, అంటే కాగితం మీదే ఒక్కో అడుగూ నడిపి చూద్దాం. పాత సంవత్సరాలన్నీ తీసేశాక రోజులు 366 మిగిలాయి. 366 అన్నది 365 కంటే ఎక్కువ, కాబట్టి లూప్‌లోకి వస్తాం. లీపు సంవత్సరమే, లోపలికి పోతాం. 366 అన్నది 366 కంటే ఎక్కువా? కాదు. ఏమీ తీయలేదు, ఏమీ పెంచలేదు. పైకి పోతాం, రోజులు ఇంకా 366. తగ్గాల్సిన పరిమాణం తగ్గని దారి ఒక్కటి మిగిలిపోయింది, నాలుగేళ్లకోసారి వచ్చే ఒక్క రోజు ఆ దారిన పడింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాటాక చార్జింగ్ పెట్టి చూడమని కంపెనీ చెప్పింది. ఆ దారిలో ఒక్క బ్రేక్ ఉంటే సరిపోయేది: రోజులు 366 దాటకపోతే ఈ ఏడాదే, బయటికి రా. మధ్య వాకిలి వద్దన్న సూత్రం కంటే, లోపలి ప్రతి దారీ ముందుకు కదలాలి లేదా బయటికి రావాలి అన్న సూత్రం నేర్చుకునేవాడికి ఎక్కువ రక్ష.

దశాంశాల దగ్గర ఇంకో రకం. సున్నాతో మొదలుపెట్టి, విలువ 1కి సమానం కానంతవరకు 0.1 కలుపుతూ పొమ్మంటే పదో చుట్టులో ఆగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆగదు. 0.1ని యంత్రం బైనరీ పద్ధతిలో కచ్చితంగా దాచుకోలేదు, పదిసార్లు కలిపితే 1కి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది, పదకొండోసారి దాటిపోతుంది, సమానం అన్నది ఎప్పటికీ జరగదు. దశాంశాలతో సమానత్వపు షరతు పెట్టకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక్కడిదాకా వచ్చాక మన తరగతుల వైపు చూడాలి. నరసరావుపేటలో జేఎన్‌టీయూ కాకినాడ సొంత ఇంజనీరింగ్ కాలేజీ 2016లో మొదలైంది, ప్రైవేటు కాలేజీలు అంతకు ముందునుంచే ఉన్నాయి. చిన్న ఊళ్ల పిల్లలకు ప్రోగ్రామింగ్ ఇప్పుడు బస్సు ప్రయాణమంత దూరంలో ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌లో కంపైలర్ యాప్ వేసుకుని రాస్తున్నారు. అందుబాటు పెరిగింది, పాఠం మాత్రం పాత చాళ్లలోనే నడుస్తోంది. లూపుల పాఠం అనగానే నక్షత్రాల పిరమిడ్లు, అంకెల త్రిభుజాలు. వాటిలో లోపలి లూప్ ఎన్నిసార్లు తిరగాలన్నదే లెక్క, ఆగడం ఎప్పుడూ సమస్య కాదు, సంఖ్య ముందే తెలుసు. అలాంటి పది ప్రోగ్రాములు రికార్డు రాసిన పిల్లవాడికి బరువులు ఎన్ని వస్తాయో తెలియని కాటా లెక్క ఇస్తే కలం ఆగిపోతుంది. పిరమిడ్లు రెండు చాలని, మిగిలిన చోటు ముందే లెక్క తెలియని లూపులకు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

సీబీఎస్ఈ పదకొండో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ వేసిన కంప్యూటర్ సైన్స్ పుస్తకం పైథాన్‌తో నడుస్తుంది. అందులో కంట్రోల్ ప్రవాహానికి ఒక అధ్యాయమే ఉంది, లూపుల తర్వాత బ్రేక్, కంటిన్యూ, వాటి తర్వాత ఒకదానిలో ఒకటి ఉండే లూపులు. ఈ వరుస మంచిదే, కానీ బ్రేక్, కంటిన్యూలను కవలపిల్లల్లా ఒకే చోట పరిచయం చేయడం అక్కడా ఉంది, సి పుస్తకాల్లోనూ ఉంది. పైన చూసినట్టు వాటి స్వభావాలు వేరు, ప్రమాదాలు వేరు. కొన్ని వారాల ఎడం ఉంటే మేలు. బడి పిల్లల కోసం ఎంఐటీ 2007లో బయటికి తెచ్చిన స్క్రాచ్‌లో అయితే బ్రేక్ దిమ్మె లేనే లేదు, షరతు నిజమయ్యేదాకా తిరిగే దిమ్మె, మొత్తం స్క్రిప్ట్‌నే ఆపే దిమ్మె ఉన్నాయి. చిన్నపిల్లలకు అది చాలు. స్క్రాచ్ నుంచి పైథాన్‌కు వచ్చే పిల్లవాడికి మధ్య వాకిలి కొత్తగా నేర్పాలన్న సంగతి మాస్టారికి గుర్తుండాలి.

బ్రేక్ ఎందుకో చెప్పడానికి ప్రధాన సంఖ్య ప్రోగ్రామ్ కంటే మంచి పాఠం లేదు, అది అన్ని ల్యాబుల్లోనూ ఉంది, అన్ని ల్యాబుల్లోనూ ఒకే రకంగా తప్పుతుంది. 91 ఇచ్చామనుకోండి. పిల్లవాడు రెండు నుంచి మొదలుపెట్టి భాగించి చూస్తాడు. నిశ్శేషంగా పోతే “ప్రధాన సంఖ్య కాదు” అని వేసి బ్రేక్, లేకపోతే ఎల్స్‌లో “ప్రధాన సంఖ్య” అని వేస్తాడు. తెర మీద 2, 3, 4, 5, 6 దగ్గర అయిదుసార్లు “ప్రధాన సంఖ్య” అని పడుతుంది, 7 దగ్గర “కాదు” అని పడి ఆగుతుంది. ఎల్స్ తీసేయమని చెప్పి పంపేస్తే పాఠం అక్కడితో పోతుంది. ఒక్క నిమిషం నిలబడి అడగాలి: కాదని చెప్పడానికి ఎన్ని భాజకాలు దొరకాలి? ఒక్కటి చాలు. అవునని చెప్పడానికి? ఒక్కటీ దొరకకుండా అన్నీ అయిపోవాలి. కాదన్న మాట లూప్ మధ్యలో చెప్పవచ్చు, అవునన్న మాట లూప్ బయట మాత్రమే చెప్పగలం. బ్రేక్ ఎక్కడ పడాలో ఆ తేడాయే చెబుతుంది. పైథాన్‌లో ఫర్ లూప్‌కు ఎల్స్ తగిలించే వీలుంది, బ్రేక్ తగలకుండా లూప్ మామూలుగా ముగిస్తేనే ఆ ఎల్స్ నడుస్తుంది. చాలామందికి అది వింతగా అనిపిస్తుంది గానీ ఈ లెక్కకు అతికినట్టు సరిపోతుంది. వర్గమూలం దాకా చూస్తే చాలన్న మెరుగు తర్వాత చెప్పవచ్చు, అది వేగం సంగతి.

డ్రై రన్‌ను వదిలిపెట్టకూడదు. కాగితం మీద నిలువు గీతలు గీసి, ఒక్కో వేరియబుల్‌కు ఒక్కో గడి, ఒక్కో చుట్టుకు ఒక్కో వరుస. ఇప్పుడు పైథాన్ ట్యూటర్ లాంటి పరికరాలు ఒక్కో వాక్యం నడుస్తుంటే తెర మీదే చూపిస్తున్నాయి, వాటిని వాడుకోవాలి. చేత్తో చేసిన డ్రై రన్ తర్వాత వాడుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే తన ఊహ ఎక్కడ తప్పిందో పిల్లవాడికే తెలుస్తుంది. ప్రశ్నపత్రాల్లో అవుట్‌పుట్ ఏంటని అడిగే ప్రశ్నలు ఎన్నో ఉంటాయి. వాటిలో సగమైనా మార్చి, ఈ లూప్‌లోంచి కంట్రోల్ ఏ ఏ చోట్ల బయటికి రాగలదు, ఒక్కో చోట అప్పుడు ఏ మాట నిజమై ఉంటుంది అని అడిగితే చదువు దారి దానంతటదే మారుతుంది. కాటా ప్రోగ్రామ్‌లో మొదటిసారే సున్నా కొడితే సగటు దగ్గర ఏమవుతుందని అడిగితే, సున్నాతో భాగించే తప్పు కూడా అందులోనే బయటపడుతుంది.

ఆగకూడని లూపులూ ఉన్నాయి, వాటి గురించి కొంచెమైనా చెప్పాలి. పొలంలో బోరు మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్ లోపలి ప్రోగ్రామ్ కరెంటు ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది, ఫోన్ వచ్చిందా, కరెంటు వచ్చిందా అని చూస్తూ. ఆర్డ్వినో బోర్డుతో ఆడుకునే పిల్లలకు ఈ అంతులేని లూప్ మొదటిరోజే పరిచయం. అలాంటిచోట ఒక్కో చుట్టూ త్వరగా ముగియాలి, లోపల ఏదో ఒకదాని కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుపోతే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. అందుకే చాలా చిప్‌లలో వాచ్‌డాగ్ టైమర్ ఉంటుంది, ప్రోగ్రామ్ నిర్ణీత సమయంలో దాన్ని పలకరించకపోతే అది యంత్రాన్ని మళ్లీ మొదటినుంచి నడిపిస్తుంది.

నేర్పే వరుస గురించి నా సూచన ఇది. లెక్క తెలిసిన ఫర్ ముందు, దాని మీద ఎక్కువ రోజులు వద్దు. తర్వాత షరతు ఉన్న వైల్, దానితోపాటే తగ్గే పరిమాణం ఏదో చూపించమనే అలవాటు. మూడో మెట్టు కాటా లెక్క, అక్కడ షరతు పైన పెట్టిన రూపాన్నే ముందు పిల్లల చేత రాయించి, ఒకే వాక్యం రెండుసార్లు ఎందుకు వచ్చిందని వాళ్లే విసుక్కున్నాక బ్రేక్ చూపించాలి. ప్రధాన సంఖ్య ఆ తర్వాత. స్విచ్‌లో బ్రేక్ వేరే రోజు. కంటిన్యూ అన్నిటికంటే చివర, వైల్‌లో అది తెచ్చే చిక్కుతో సహా. గోటూ గురించి చరిత్రగా చెప్పి వదిలేయాలి. పట్టికలో సంఖ్య వెతికే లెక్క ఇచ్చి, బ్రేక్ ఒక్క పొరకే పనిచేస్తుందని పిల్లలు కనిపెట్టిన రోజున ఫంక్షన్ పాఠం మొదలుపెట్టవచ్చు. రిటర్న్ ఏ పని కోసం పుట్టిందో ఆ రోజు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, కొసరాజు సాంబశివరావు పేరు బోర్డు మీద రాసి ఆయన 1973లో ఏం నిరూపించారో రెండు మాటల్లో చెప్పడానికి అదే తగిన సమయం.